మందులు వాడుతున్నా మళ్లీ మళ్లీ మగత... ఆ రక్తనాళం మూయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగరు ఉంది. మూడేళ్ల కిందట సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) అని తేలింది. ఆరు నెలల్లో నాలుగుసార్లు మగతతో, పొంతన లేని మాటలతో ఆసుపత్రిలో చేరారు. లాక్టులోజ్, రిఫాక్సిమిన్ మానకుండా వేస్తున్నాం. ప్లీహం దగ్గర నుంచి ఎడమ కిడ్నీ సిరలోకి పెద్ద రక్తనాళం ఏర్పడిందని సీటీ స్కాన్‌లో కనిపించింది. కెథటర్‌తో దాన్ని మూసేద్దామంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. ఇన్నిసార్లు తిరగబెట్టింది మీరు సరిగా చూసుకోకపోవడం వల్ల కాదు. పేగుల్లో తయారయ్యే అమోనియా పోర్టల్ సిర గుండా లివర్‌కు చేరి అక్కడ యూరియాగా మారిపోవాలి. లివర్ గట్టిపడితే ఆ సిరలో పీడనం పెరిగి, రక్తం పక్కదారి పడుతుంది. మీ నాన్నగారిలో అది ఎడమ కిడ్నీ సిరలోకి దారి చేసుకుంది. దీన్ని షంట్ అంటాం. లివర్‌ను తాకకుండానే అమోనియా మెదడుకు చేరిపోతోంది, మగత అందుకే. లాక్టులోజ్ అమోనియాను తగ్గిస్తుందే గానీ ఈ దారిని మూయలేదు.

మూసే పని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులది. తొడ లేదా మెడ దగ్గరి సిరలో సన్నని గొట్టం పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ షంట్ దాకా వెళ్లి, ప్లగ్‌తోనో కాయిల్స్‌తోనో దాన్ని బిగిస్తారు. పొట్ట కోయరు.

లివర్‌లో ఇంకా సత్తువ ఉంటే నేను చేయించుకోమనే అంటాను. బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలతో లెక్కగట్టే మెల్డ్ స్కోరు ఎంతో అడగండి. అది ఎంత ఎక్కువైతే లివర్ అంత దెబ్బతిన్నట్టు. యూరప్‌లో 37 మందిపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందికి సగటున రెండేళ్లపాటు మగత తిరిగి రాలేదు. స్కోరు 11 దాటినవారిలో తిరగబెట్టడం ఎక్కువ. కామెర్లు ముదిరి, పొట్టలో నీరు అదుపు తప్పి ఉంటే మాత్రం లివర్ మార్పిడి గురించే మాట్లాడాలి.

పక్కదారి మూస్తే రక్తమంతా మళ్లీ పోర్టల్ సిర మీదే పడుతుంది. పొట్టలో నీరు చేరవచ్చు, అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తం పడవచ్చు. అందుకే ముందు ఎండోస్కోపీ తప్పనిసరి. అవసరమైతే ఆ సిరలకు బ్యాండ్లు వేయించాలి. పోర్టల్ సిరలో గడ్డ లేదని కూడా నిర్ధారించుకోవాలి. మూసిన తరువాత కూడా డాక్టర్ చెప్పేదాకా మందులు ఆపకండి.

ఈలోగా విరేచనం రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా అయ్యేలా చూడండి. నిద్రమాత్రలు సొంతంగా వేయవద్దు. మాంసకృత్తులు మాన్పించాలనుకోవడం పొరపాటు. కండ తగ్గితే మగత ఇంకా పెరుగుతుంది. పప్పు, పెరుగు పెట్టండి. పడుకునే ముందు కాస్త ఏదైనా తినిపించండి. రోజూ ఉదయం ఒక నోటుపుస్తకంలో ఆయన చేత సంతకం పెట్టించండి. అక్షరాలు వంకర పోతున్నా, చాచిన చేతులు రెక్కల్లా ఆడుతున్నా, పగలు నిద్రపోయి రాత్రంతా మెలకువగా ఉంటున్నా ఆరోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. పిలిస్తే పలకకపోయినా, నల్లటి విరేచనమైనా, రక్తం కక్కినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.