పాత సామాన్లతో కొత్త వస్తువులు: ఇది ఆదానా, ఖర్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. రెండేళ్ల నుంచి నాకు పాత వస్తువులతో కొత్తవి చేసే పిచ్చి పట్టుకుంది. చిరిగిన జీన్స్‌తో సంచులు, ప్యాలెట్ (సరుకులు పేర్చి రవాణా చేసే చెక్క చట్రం) చెక్కతో అరలు, పాత కుర్చీలకు కొత్త సీట్లు, ఇలా. ఇది ఆదా అని నేనంటాను, దండగ ఖర్చు అని మావారంటారు. ఇప్పుడు ఎమర్జెన్సీ ఫండ్‌లో సగం తీసి మంచి కుట్టుమిషన్, శాండర్ (చెక్కని రుద్ది నునుపు చేసే మిషన్), డ్రిల్ కొని సంచులు అమ్మడం మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి గాజువి, వెదురువి కొనాలని కూడా ఉంది. ఏమంటారు?

జవాబు: ముందు తేలికైనది తేల్చేద్దాం. ప్లాస్టిక్ డబ్బాలు తీసేయకండి. ఎకో ఫ్రెండ్లీ అని రాసి ఉన్నా కొత్త డబ్బా కొంటే అదీ ఖర్చే, పైగా ఇంట్లో ఉన్నది చెత్తలోకి పోతుంది. ఏదైనా పగిలిపోతే దాని స్థానంలో మాత్రమే గాజుది కొనుక్కోండి. బాగా గీతలు పడ్డవి తినేవాటికి వాడటం మానేసి, మేకులకో గుండీలకో వాడుకోండి, మీ పనికి అవి ఎలాగూ కావాలి. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ చేతిసంచుల మీద ఒక లెక్క కట్టింది. మామూలు కాటన్ సంచి, వాతావరణ మార్పు ఒక్కటే చూసుకున్నా, ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే కనీసం 52 సార్లు వాడాలట. నీటి వాడకం లాంటి మిగతా ప్రభావాలు అన్నిట్లోనూ సరితూగాలంటే 7,100 సార్లు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఎప్పుడూ ఒకే లెక్క చెప్తాను: ధరని, ఎన్నిసార్లు వాడతారో ఆ సంఖ్యతో భాగించండి. ఈ ఒక్క విషయంలో డబ్బు లెక్కా పర్యావరణం లెక్కా దాదాపు ఒకే వైపు చూపిస్తాయి.

ఇక అసలు గొడవకి వద్దాం. మీ ఇద్దరిలో ఎవరు కరెక్ట్ అని నన్ను అడిగితే ఇద్దరూ అంటాను, కాకపోతే వేర్వేరు వస్తువుల విషయంలో. మీరు చేసిన ప్రతి వస్తువు దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి, "నేను ఇది చేయకపోయి ఉంటే దుకాణంలో కొనేదాన్నా?" అని. పుస్తకాలకి అర నిజంగానే కావాలి, కొనడానికి సిద్ధంగా ఉన్నారు, ఈలోగా ప్యాలెట్ చెక్క దొరికితే దాంతో చేసుకున్నారు. అప్పుడు దుకాణంలో అర ధరలోంచి మీరు పెట్టిన స్క్రూలు, గరుకు కాగితం, వార్నిష్, పనిముట్ల అరుగుదల తీసేస్తే మిగిలేది ఆదా. అదే గోడ ఖాళీగా ఉంది, చెక్క ఊరికే దొరికింది కదా అని అర చేసి, ఆ అర ఖాళీగా ఉందని దాని మీదికి కుండీలు కొన్నారనుకోండి, అది ఖర్చు. తప్పేమీ లేదు, సరదా ఖర్చు. సినిమాలకి, ప్రయాణాలకి పెట్టుకున్నట్టే దానికీ నెలకి ఇంత అని పెట్టుకోండి. దాన్ని ఆదా ఖాతాలో రాసుకుంటేనే మీ వారికి ఒళ్లు మండుతుంది, అందులో ఆయన తప్పు లేదు.

ఇందులో ఎక్కువమంది మర్చిపోయే ఖర్చు చోటు. "ఎప్పటికైనా పనికొస్తుంది" అని పోగేసిన జీన్స్, సీసాలు, చెక్కముక్కలు ఒక గదిని మింగేస్తాయి. ఆ గదికి మీరు అద్దెనో ఇంటి లోన్ వాయిదానో కడుతూనే ఉంటారు. ఒక పెట్టె పెట్టుకోండి, అందులో పట్టినంతే సరుకు. ప్రతి వస్తువు మీదా అది వచ్చిన తేదీ రాసి అంటించండి. మూడు నెలలు ముట్టుకోకపోతే ఇంకెవరికైనా ఇచ్చేయండి. కాస్త కఠినంగా అనిపిస్తుంది కానీ, పోగేసే అలవాటు కొనే అలవాటుకి తోబుట్టువు లాంటిది, రెంటికీ పగ్గం ఒక్కటే.

ఊరికే దొరికిందని అన్నీ తెచ్చుకోవద్దు కూడా. అంతర్జాతీయ రవాణాకి వాడే ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించింది, దాన్ని ఇంట్లోకి తేకండి. ముద్రే లేకపోతే, దాని మీద ఏం ఒలికిందో తెలియకపోతే వదిలేయండి. చాలా పాత పెయింట్లలో సీసం (లెడ్ అనే విష లోహం) ఉండే అవకాశం ఉంది, అలాంటి కుర్చీని శాండర్‌తో పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక) ఒకసారి స్క్రూ పట్టు వదిలేస్తే మళ్లీ గట్టిగా పట్టుకోదు, దాని మీద గంటలు పోయడం దండగ. గాజు సీసాతో కరెంటు దీపం చేస్తే వైరూ హోల్డరూ మాత్రం కొత్తవే వాడండి. ఇవన్నీ డబ్బు సలహాల్లో ఎందుకంటారా, ఒక్క ఆసుపత్రి బిల్లు మీ రెండేళ్ల ఆదాని ఊడ్చేస్తుంది కాబట్టి.

ఇప్పుడు వ్యాపారం. ఇక్కడ నా మాట మీకు నచ్చకపోవచ్చు. ఎమర్జెన్సీ ఫండ్ జోలికి వెళ్లకండి, సగం కాదు కదా పదో వంతు కూడా వద్దు. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు అందులో ఉండాలంటాం కదా, అది ఉద్యోగం పోతేనో జబ్బు చేస్తేనో తీసే డబ్బు. శాండర్ మీద కోరిక ఎమర్జెన్సీ కాదు. పర్సనల్ లోన్ కూడా వద్దు, అమ్మకాలు నెలనెలా వస్తాయో లేదో తెలియకముందే వాయిదా మాత్రం నెలనెలా వచ్చేస్తుంది.

పాత సరుకుతో పెద్ద వ్యాపారం చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో ఫ్రైటాగ్ అన్నదమ్ములు 1993లో జ్యూరిక్‌లో వాడేసిన లారీ టార్పాలిన్లతో సంచులు మొదలుపెట్టారు, పట్టీలకి పాత సీట్ బెల్టులు, అంచులకి సైకిల్ ట్యూబులు. ఇప్పుడది పేరున్న కంపెనీ. కానీ అలాంటి పనిలో టార్పాలిన్ వెతికి తేవడం, విప్పడం, కడగడం, ఏ ముక్క ఏ సంచికి బాగుంటుందో చూసి కోయడం, ఇదంతా మనుషులు చేసే పని. కొత్త గుడ్డ తాను అయితే వంద సంచులకి ఒకేసారి కొలత పెట్టి కోసేయొచ్చు. మీ దగ్గర ప్రతి జీన్స్ వేరే, కాబట్టి ప్రతి సంచికీ వేరే కొలత, వేరే ఫోటో, వేరే వివరణ. సరుకు ఊరికే రావచ్చు, గంటలు మాత్రం రావు.

ఉదాహరణకి మీ సంచి ధర 100 అనుకుందాం. అమ్మిపెట్టే వెబ్‌సైట్ కమీషన్‌కి 15, జిప్పు, లైనింగు, దారానికి 20, ప్యాకింగ్‌కి 10 పోతే మిగిలింది 55. విప్పడం, ఉతకడం, కుట్టడం, ఫోటోలు, కొనేవాళ్ల మెసేజ్‌లకి జవాబులు, అన్నీ కలిపి 4 గంటలు పట్టిందంటే గంటకి 14 కూడా రాలేదు. ఇప్పుడు మీ జీతాన్ని నెలలో పనిచేసే గంటలతో భాగించి, నిజమైన ధరతో వేసిన మీ సంచి లెక్క పక్కన పెట్టి చూడండి. ఉద్యోగం మానేయాలా అనే ఆలోచన ఎక్కడైనా మెదులుతుంటే దానికి జవాబు అక్కడే దొరుకుతుంది. వస్తువులు బాగోలేక మూతపడే చిన్న వ్యాపారాల కన్నా తమ గంటలకి వెల కట్టుకోక అలసిపోయి మూసేసేవే నాకు ఎక్కువ కనిపిస్తాయి.

అందుకే మీ స్థానంలో నేనుంటే సంచులు తయారుచేసి దుకాణం పెట్టను, మరమ్మతు పని అమ్ముతాను. ఎవరో తమ సొంత కుర్చీ తెస్తారు, సీటు మార్చి ఇస్తారు. ఎవరో నాన్నగారి పాత కోటు తెస్తారు, దాన్ని సంచిగానో దిండు గలీబుగానో చేసిస్తారు. సరుకు వాళ్లది, సగం డబ్బు ముందే వస్తుంది, గదిలో స్టాక్ పేరుకోదు, అమ్ముడుపోదేమో అనే టెన్షన్ ఉండదు. పైగా జ్ఞాపకం ఉన్న వస్తువుకి గంటల లెక్కన డబ్బులివ్వడానికి మనుషులు అంతగా బేరం ఆడరు. సెలవు రోజుల్లో నలుగురిని కూర్చోబెట్టి నేర్పించినా ఇదే లెక్క.

పెట్టుబడికి ఇలా చేయండి. ఇందాక చెప్పిన సరదా ఖర్చుని ఆరు నెలలు వేరే ఖాతాలో వేస్తూ రండి. ఈ పనికి సంబంధించిన ప్రతి ఖర్చూ అందులోంచే, ప్రతి రాబడీ అందులోకే. బ్యాలెన్స్ ఇద్దరికీ కనిపించాలి. మీరు ఆదా అన్నా ఆయన దండగ అన్నా ఇక అంకె అక్కడుంటుంది, వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆ ఖాతా సున్నాకి వస్తే ఇంటి డబ్బు కలపకుండా ఆపేస్తామని ఇప్పుడే, ఇంకా ఎవరికీ కోపం రాకముందే, మాట అనుకోండి.

పర్యావరణం పేరుతో డబ్బు పెట్టాలనే ఉంటే వెంటనే తిరిగొచ్చే చోట పెట్టండి. కారే కుళాయికి వాషర్, తలుపు సందులకి రబ్బరు పట్టీ, ఇంకా ఎక్కడైనా పాత ఫిలమెంట్ బల్బులుంటే వాటి బదులు ఎల్‌ఈడీలు. అంతే వెలుతురుకి ఎల్‌ఈడీ కనీసం 75 శాతం తక్కువ కరెంటు తీసుకుంటుంది. పెట్టిన ఖర్చుని నెలకి తగ్గే బిల్లుతో భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలిసిపోతుంది. కొత్త ఫర్నిచర్ కొనక తప్పనప్పుడు జిగురుతో అంటించింది కాకుండా స్క్రూలతో బిగించింది చూడండి, విరిగిన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, వద్దనుకున్నప్పుడు విప్పి ఇంకోటి చేసుకోవచ్చు.

చివరిగా మీరడిగిన మూడు పనిముట్ల సంగతి. శాండర్ ఎప్పుడో గాని వాడరు, అద్దెకి తెచ్చుకోండి. డ్రిల్ తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకుంటూ, ఏడాదిలో నాలుగోసారి అడగాల్సి వస్తే అప్పుడు కొనండి. కుట్టుమిషన్ మాత్రం ఆరు నెలల తర్వాత ఆ ఖాతాలోంచే కొనుక్కోండి, సెకండ్ హ్యాండ్‌ది, లోపల లోహపు గేర్లు ఉన్నది. కొనేటప్పుడు మీ జీన్స్ గుడ్డ వెంట తీసుకెళ్లి నాలుగు మడతలు వేసి అక్కడే కుట్టి చూడండి. సూది ఆగినా కుట్టు వదిలేసినా ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు.