ఎంపీహెచ్ అడ్మిట్లు మూడొస్తే: ర్యాంకు కంటే ముందు ఐ-20 మీది కోడ్ చూడండి

అడిగింది ఇదీ: గుంటూరులో బీడీఎస్ అయింది. అమెరికాలో మూడు అడ్మిట్లు వచ్చాయి. మంచి ర్యాంకున్న ప్రైవేటు యూనివర్సిటీలో జనరల్ ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎపిడెమియాలజీ (వ్యాధులు ఎలా వ్యాపిస్తాయో చదివే శాస్త్రం) కాన్సంట్రేషన్‌తో ఎంపీహెచ్, ఇంకోచోట హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఎంఎస్. ఏది తీసుకోవాలి? ఇంకా అప్లై చెయ్యని స్నేహితురాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ర్యాంకు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు మూడు యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులకీ ఒకే మెయిల్ పెట్టండి: "ఈ ప్రోగ్రామ్‌కి, ఈ కాన్సంట్రేషన్‌కి, ఐ-20 మీద ఏ సీఐపీ కోడ్ వేస్తారు?" ఐ-20 అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం. సీఐపీ కోడ్ అంటే కోర్సు ఏ సబ్జెక్టు కిందకొస్తుందో చెప్పే ఆరంకెల నంబరు. జనరల్ పబ్లిక్ హెల్త్‌ది 51.2201, ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) లిస్టులో లేదు. ఎపిడెమియాలజీ 26.1309, బయోస్టాటిస్టిక్స్ 26.1102, మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ 51.2706. ఈ మూడూ స్టెమ్. స్టెమ్ కాకపోతే చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో అక్కడే పని చేసుకునే అనుమతి) 12 నెలలే. స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. హెచ్-1బీ (వర్క్ వీసా) లాటరీకి ఒక్కసారి పేరు వెయ్యడానికీ మూడుసార్లు వెయ్యడానికీ ఉన్న తేడా ఇక్కడే వస్తుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వెబ్‌సైట్‌లో "ఎంపీహెచ్ ఇన్ ఎపిడెమియాలజీ" అని ఉంటుంది. కానీ కొన్ని యూనివర్సిటీలు కాన్సంట్రేషన్ ఏదైనా ఎంపీహెచ్ మొత్తానికీ 51.2201 ఒక్కటే వాడతాయి. అడ్మిషన్స్ వాళ్లు ఫోన్‌లో "యెస్, స్టెమ్" అన్నా లెక్కలోకి రాదు. రాతపూర్వకంగా కోడ్ తెప్పించుకోండి, ఐ-20 రాగానే ప్రోగ్రామ్ వివరాల్లో మేజర్ పక్కన ఉన్న నంబరుతో సరిచూడండి. "నా బీఫార్మసీ స్టెమ్ కదా, దాని మీద తీసుకుంటా" అనేవాళ్లూ ఉన్నారు. కుదరదు. పాత డిగ్రీని వాడుకోవాలంటే అది గుర్తింపున్న అమెరికా విద్యాసంస్థ ఇచ్చిందే అయ్యుండాలి.

స్టెమ్ ఉంటే చాలదు కూడా. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అర్హతని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి, వారానికి కనీసం 20 గంటల పనికి జీతం ఇవ్వాలి. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లన్నీ ఈ-వెరిఫైలో ఉండవు. ఆఫర్ చేతికొచ్చాక కాదు, ఇంటర్వ్యూ దశలోనే హెచ్ఆర్‌ని అడగాలి. మొదటి ఏడాది ఓపీటీలో ఖాళీగా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఓపీటీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, ఆ మొదటి వారంలోనే పెట్టేయడం మేలు.

రెండోది, సెఫ్ అక్రెడిటేషన్. యూనివర్సిటీకి మామూలు గుర్తింపు ఉండటం వేరు, పబ్లిక్ హెల్త్ ప్రోగ్రామ్‌కి కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఫర్ పబ్లిక్ హెల్త్ (సెఫ్) గుర్తింపు ఉండటం వేరు. వాళ్ల సైట్‌లో జాబితా ఉంది, రెండు నిమిషాల పని. "అప్లికెంట్" అని ఉంటే ఇంకా రాలేదనే అర్థం. కన్సల్టెన్సీ వాళ్లు ఈ తేడా చెప్పరు, కమీషన్ వచ్చే యూనివర్సిటీ పేరు మాత్రం పదిసార్లు చెబుతారు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఎంఎస్‌కి మీరు ఇదే గీటురాయి పెట్టక్కర్లేదు, అది ఎంపీహెచ్ కాదు.

ఇక అసలు విషయం, సిలబస్. సెఫ్ లెక్కన ఎంపీహెచ్‌కి కనీసం 42 సెమిస్టర్ క్రెడిట్లు. అందులో కోర్ అన్నిచోట్లా దాదాపు ఒకటే, 22 ఫౌండేషనల్ కాంపిటెన్సీలు అందరూ కవర్ చెయ్యాల్సిందే. తేడా అంతా మిగతా క్రెడిట్లలో ఉంటుంది. కేటలాగ్ తెరిచి వెతకండి: ఎపిడెమియాలజీ మెథడ్స్ ఒక్క సెమిస్టరేనా, రెండు మూడు ఉన్నాయా? బయోస్టాటిస్టిక్స్ రెండో కోర్సులో లాజిస్టిక్ రిగ్రెషన్, సర్వైవల్ అనాలిసిస్ ఉన్నాయా? ఎస్ఏఎస్ గానీ ఆర్ గానీ (డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు) విడిగా ఒక కోర్సుగా నేర్పుతున్నారా, లేక "ల్యాబ్‌లో పరిచయం" అని ఒక వాక్యంతో సరిపెట్టారా? డేటా మేనేజ్‌మెంట్ అని ఒక కోర్సు ఉందా? ఉద్యోగంలో చేరినవాళ్ల రోజులో సగం మోడల్ కట్టడం కాదు, చెత్తగా వచ్చిన డేటాని శుభ్రం చెయ్యడం: పుట్టిన తేదీ ఖాళీ, ఒకే రోగి రెండు ఐడీలతో రెండుసార్లు, జిల్లా పేరు మూడు స్పెల్లింగులు. ఇది క్లాసులో చెయ్యకపోతే ఇంటర్వ్యూలో చిన్న టెస్ట్ ఫైలు ఇచ్చిన పది నిమిషాల్లో దొరికిపోతారు.

హెల్త్ ప్రమోషన్, గ్లోబల్ హెల్త్ కాన్సంట్రేషన్లు పనికిరానివని కాదు. కానీ ఆ ఉద్యోగాలు ఎక్కువగా ప్రభుత్వాలవి, గ్రాంట్ల మీద నడిచేవి. ఫెడరల్ ఉద్యోగాలకి దాదాపుగా పౌరసత్వం అడుగుతారు. గ్రాంట్ల సంగతి 2025 మార్చిలో అందరూ చూశారు, రాష్ట్రాలకిచ్చిన సుమారు 1,100 కోట్ల డాలర్లను ఒక్కసారిగా వెనక్కి తీసుకుంటామన్నారు. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లి ఆపుకున్నాయి. వీసా మీద ఉన్నవాళ్లకి ఆసుపత్రుల క్వాలిటీ విభాగాలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, క్లినికల్ రీసెర్చ్ సంస్థలు కాస్త నయం. యూనివర్సిటీలో రీసెర్చ్ కోఆర్డినేటర్ ఉద్యోగానికి ఇంకో లాభం: యూనివర్సిటీలకి హెచ్-1బీ కోటా పరిమితి వర్తించదు, లాటరీ ఉండదు. జీతం మాత్రం తక్కువ.

ప్రాక్టికమ్ (కోర్సులో భాగంగా ఏదైనా సంస్థలో చేసే పని) గురించి అడక్కుండా సంతకం పెట్టొద్దు. సెఫ్ అడిగేది కనీసం రెండు వర్క్ ప్రొడక్ట్‌లు, అయిదు కాంపిటెన్సీలు. గంటలెన్ని అన్నది యూనివర్సిటీ ఇష్టం. డిపార్ట్‌మెంట్ చోటు చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా? "పార్ట్‌నర్ సైట్ల" జాబితా పంపమనండి. అందులో పేర్లు నాలుగే ఉంటే మీకు అర్థమైపోతుంది. క్యాంపస్ బయట చేస్తే, జీతం లేకపోయినా, ముందుగా డీఎస్ఓతో (ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా పని చేసే అనుమతి) గురించి మాట్లాడాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఓపీటీ పోతుంది. మొదటి రోజు నుంచే సీపీటీ అని ప్రచారం చేసుకునే కాలేజీల జోలికి వెళ్లకండి.

ఫీజుని ఏడాది లెక్కన కాదు, మొత్తం క్రెడిట్ల లెక్కన పోల్చండి. గ్రాడ్యుయేట్లకి చాలాచోట్ల ఫుల్‌టైమ్ అంటే సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. నాలుగు సెమిస్టర్లు తొమ్మిదేసి తీసుకుంటే 36. మిగిలిన 6 ఎక్కడ? సమ్మర్‌లో తీసుకుంటే ఆ ఫీజు వేరే, ఇంటర్న్‌షిప్ చెయ్యాల్సిన సమయంలో క్లాసు. రెండు సెమిస్టర్లలో 12 తీసుకోగలిగితే సమ్మర్ మిగులుతుంది. ఇంకొకటి: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, 3 క్రెడిట్ల వరకే వస్తుంది. ఎంపీహెచ్‌లో సాయంత్రం ఆన్‌లైన్ సెక్షన్లు బోలెడు. పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ అయితే అసలు ఐ-20 రాదు. అసిస్టెంట్‌షిప్ వస్తే ట్యూషన్ ఎంత తగ్గిస్తారో అడగండి. గంటల జీతం మాత్రమే ఇచ్చేది, అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు మాఫీ చేసేది, రెంటినీ అసిస్టెంట్‌షిప్ అనే అంటారు.

బీడీఎస్ వాళ్లకి ఒక మాట. మనసులో ఉన్నది ఐఎన్‌బీడీఈ (అమెరికా డెంటల్ బోర్డు పరీక్ష) రాసి, క్యాపిడ్ (విదేశీ డెంటిస్టుల ఉమ్మడి అప్లికేషన్) ద్వారా అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌లో (బయట చదివిన డెంటిస్టులకి ఉండే కుదించిన డెంటల్ కోర్సు) సీటు తెచ్చుకుని డెంటిస్ట్ అవ్వడమే అయితే, ఎంపీహెచ్ మీకు మెట్టు మాత్రమే. అసలు ఖర్చు ఆ తర్వాత ఉంది. అలాంటప్పుడు ఖరీదైన ప్రైవేటు ఎంపీహెచ్‌కి నాన్నగారి పొలమో ఇల్లో తాకట్టు పెట్టడం తెలివైన పని కాదు. డెంటల్ స్కూల్ ఉన్న ఊళ్లో చవకైన ప్రోగ్రామ్ చూడండి, షాడోయింగ్‌కీ రికమండేషన్ లెటర్లకీ అక్కరకొస్తుంది.

మీ మూడింట్లో, 26.1309 అని రాతపూర్వకంగా వస్తే స్టేట్ యూనివర్సిటీ ఎపిడెమియాలజీకే నా ఓటు. అది 51.2201 అని తేలితే, కోడింగ్ మీద నిజంగా ఇష్టముంటే ఇన్ఫర్మాటిక్స్. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో వెతికే కోడ్ భాష) పేరు వింటేనే చిరాకు పుట్టేవాళ్లు వీసా కోసం అటు వెళ్తే రెండో సెమిస్టర్‌కే జీపీఏ చెప్పేస్తుంది. ప్రైవేటు జనరల్ ఎంపీహెచ్‌కి ఫీజులో సగమైనా స్కాలర్‌షిప్ రాకపోతే వదిలేయండి.

మీ స్నేహితురాలికి: ఎక్కువ ప్రోగ్రామ్‌లకి సోఫాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ ద్వారా వెళ్లాలి. డెడ్‌లైన్ డిసెంబరో జనవరో అయితే డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీలను మదింపు చేసే సంస్థ) పని ఆగస్టులోనే మొదలవ్వాలి. తీసుకోవాల్సింది ఐక్యాప్ అనే రకం రిపోర్టు, అదీ కోర్స్-బై-కోర్స్. చవగ్గా ఉందని డాక్యుమెంట్-బై-డాక్యుమెంట్ తీసుకుంటే అందులో జీపీఏ ఉండదు, మళ్లీ డబ్బు కట్టాలి. ట్రాన్స్‌క్రిప్ట్ యూనివర్సిటీ నుంచే వెళ్లాలి, మీరు స్కాన్ చేసి పంపితే ఒప్పుకోరు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్‌గా మారి 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది కాబట్టి డిగ్రీ మీదొక పేరు, కవరు మీదొక పేరు ఉండొచ్చు. ఆ సంగతి అప్లికేషన్‌లో ముందే రాయడం నయం. మార్కుల మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, సోఫాస్‌లోనూ డబ్ల్యూఈఎస్‌లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, లేకపోతే రెండు ఫైళ్లూ కలవక వారాలు పోతాయి. అన్నీ అందాక సోఫాస్ వెరిఫికేషన్‌కే నాలుగు వారాల దాకా పట్టొచ్చు, డెడ్‌లైన్ రోజున సబ్మిట్ కొట్టడం కొన్ని ప్రోగ్రామ్‌ల దగ్గర ఆలస్యం కిందే లెక్క.