లాప్‌టాప్‌కు అదనపు వారంటీ తీసుకోవాలా? మేనకోడలికి ఒక ఉత్తరం

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. నువ్వు కొన్న లాప్‌టాప్ 62 వేలు, దానిమీద రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీకి 8,500. ‘ఈరోజే తీసుకుంటే ఈ రేటు, రేపైతే లేదు’ అని షాపువాళ్లు అన్నారట. మీ నాన్న గుంతకల్లు నుంచి ఫోన్ చేసి ఒకటే టెన్షన్ పడుతున్నాడు. ఫోన్లో చెబితే అన్నయ్య సగం విని మిగతా సగం వదినకు తనకు తోచినట్టు చెప్తాడు. అందుకే రాసి పంపుతున్నా.

ముందు మీ నాన్నను కాస్త స్థిమితపడమను. ఆ ప్లాన్ ఈరోజు తీసుకోకపోతే కొంపలేం మునిగిపోవు. కంపెనీ వారంటీ ఒక ఏడాది ఎలాగూ లాప్‌టాప్‌తో పాటే వస్తుంది. ఆ ఏడాది పూర్తయ్యేలోపు వారంటీ పొడిగించుకునే వీలు చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్‌లోనే ఇస్తాయి. తొందరంతా కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లోడిది. నేను కంప్యూటర్ షాపులో బిల్లింగ్ చూసినన్నాళ్లూ ఈ తంతు చూస్తూనే ఉన్నా. లాప్‌టాప్ మీద షాపుకు మిగిలేది అంతంతమాత్రం. ప్లాన్ అమ్మితే షాపుకు మిగులు, పిల్లోడికి ఇన్సెంటివ్. వాణ్ని తప్పు పట్టను, నెలాఖరుకు టార్గెట్ ఉంటుంది పాపం. అట్లని వాడి టార్గెట్ మీ నాన్న రైల్వే జీతంతో పూర్తి కావాలని లేదు కదా.

ఇక అసలు సంగతి. నువ్వు ‘వారంటీ తీసుకోవాలా వద్దా’ అని అడిగావు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, నీ లాప్‌టాప్ ఎట్ల చెడిపోతుంది అని. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే మొదటి ఏడాది కంపెనీ ఉచితంగా ఏవి బాగుచేస్తుందో, ఆ తర్వాత కూడా అవే బాగుచేస్తుంది. వస్తువు తయారీలో లోపం ఉండి, దానంతట అది చెడితేనే. మదర్‌బోర్డు పోయిందనుకో, డిస్‌ప్లే మీద గీతలు వచ్చాయనుకో, ఆ ప్లాన్ పనికొస్తుంది. కానీ హాస్టల్లో ఉండే పిల్లల లాప్‌టాప్‌లు పోయేది ఎక్కువగా అట్ల కాదు. పై బెర్త్ మంచం మీద పెట్టి నిద్రపోతే జారి కింద పడుతుంది. గుంతకల్లు బస్సులో బ్యాగు లోపల నీళ్ల సీసా మూత ఊడుతుంది. కీబోర్డు మీద పెన్ను మరిచిపోయి మూత వేస్తే స్క్రీన్ ఠప్పుమంటుంది. చార్జర్ వైరు తట్టుకొని ఎవరో పడతారు, వాళ్లతో పాటు లాప్‌టాప్ కూడా. (ఉగ్గాని తింటూ టైప్ చేసే అలవాటు నీకుంది, నేను చూశాను. పసుపు మరక పోతుందేమో కానీ కీల కిందికి జారిన బొరుగు పోదు.) వీటిలో ఒక్కటి కూడా నువ్వు పంపిన కాగితంలో లేదు. ఇంకోసారి చదివి చూడు.

పడినా, తడిసినా చూసుకునే కవర్ వేరే ఉంటుంది. దాన్ని యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్రొటెక్షన్ అంటారు. ఇది మామూలు వారంటీ లాంటిది కాదు, ఎప్పుడంటే అప్పుడు ఇవ్వరు. కొన్ని కంపెనీలు కొన్న నెల రోజుల్లోపే తీసుకోమంటాయి. నిజంగా తొందరపడాల్సింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. దీంట్లోనూ మెలికలుంటాయి. ఏడాదికి ఒక్కసారే క్లెయిమ్ అని కొన్నిటిలో రాసి ఉంటుంది. దొంగతనం మాత్రం మామూలుగా దీని కిందికి రాదు. హాస్టల్ రూములో ఎవరన్నా ఎత్తుకుపోతే ఏ వారంటీ కాగితమూ ఆదుకోదు, తాళమే దిక్కు.

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చెప్తా విను. ఒక అబ్బాయి వచ్చాడు, మూత తెరిచే చోట హింజ్ విరిగింది. ‘పడలేదు సార్, తెరుస్తుంటే టక్కుమంది’ అన్నాడు. అబద్ధం చెప్తున్నట్టు నాకైతే అనిపించలేదు. కౌంటర్‌లో ఉన్నతను లాప్‌టాప్‌ను బోర్లించి, ఫోన్ టార్చి వేసి నాలుగు మూలలూ చూశాడు. ఒక మూల దగ్గర గోరంత సొట్ట. వెంటనే దాన్ని ఫోటో తీసి, జాబ్ షీటులో (సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు వాళ్లు రాసే కాగితం) ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాశాడు. ఆ రెండు మాటలతో వారంటీ అయిపోయింది. ఆ సొట్టకూ విరిగిన హింజ్‌కూ సంబంధం ఉందో లేదో ఎవరూ అడగలేదు. అందుకే ఎప్పుడన్నా సర్వీస్‌కు ఇవ్వాల్సి వస్తే, ఇచ్చేముందే నువ్వే అన్ని వైపులా ఫోటోలు తీసుకో. జాబ్ షీటులో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టు. గీతలు, సొట్టలు లేకపోతే లేవని కూడా రాయించు.

ప్లాన్ ఎవరిదన్నది కూడా చూడాలి. నువ్వు పంపిన దాంట్లో పైన షాపు పేరు, కింద చిన్న అక్షరాల్లో ఇంకెవరిదో పేరు ఉంది. లాప్‌టాప్ కంపెనీ పేరు ఎక్కడా లేదు. అంటే రేపు ఏదన్నా జరిగితే కంపెనీ సర్వీస్ సెంటర్ ఆ కాగితాన్ని చూడదు. నువ్వు ఆ మూడోవాళ్లకు ఫోన్ చేయాలి, వాళ్లు తమ మనిషిని పంపాలి, లేదా కొరియర్‌లో తెప్పించుకోవాలి. బాగుచేయడం కుదరకపోతే చేతికి 62 వేలు వస్తుందనుకోకు. ఇలాంటి ప్లాన్లలో చాలావాటికి ఏడాది ఏడాదికీ విలువ తగ్గించి లెక్కగట్టే పద్ధతి ఉంటుంది. ఎంత తగ్గిస్తారో అందులోనే రాసి ఉంటుంది, ఆ పేజీ నువ్వు ఫోటో తీయలేదు.

ఇంకొకటి, రెండేళ్లు అని రాశారు సరే, ఏ రోజు నుంచి రెండేళ్లు? కొన్న రోజు నుంచైతే అందులో ఒక ఏడాది కంపెనీ ఎలాగూ ఉచితంగా ఇచ్చేదే. ఒక్క ఏడాదికి 8,500 కట్టినట్టు లెక్క. బ్యాటరీ సంగతీ అడుగు. మూడేళ్ల వారంటీ తీసుకున్నా బ్యాటరీకి మాత్రం ఒకే ఏడాది అనడం మామూలే. నాలుగేళ్ల చదువులో ఖాయంగా నీరసించేది బ్యాటరీనే కాబట్టి దానికి నాలుగైదు వేలు పక్కన పెట్టుకోవాల్సిందే, వారంటీ ఉన్నా లేకున్నా.

నా మాట అడుగుతున్నావు కాబట్టి చెప్తున్నా, ఈ కాగితం వద్దు. ఆ డబ్బులతో కంపెనీ వెబ్‌సైట్‌కే పోయి, నీ సీరియల్ నంబర్ కొట్టి, వాళ్ల సొంత ప్లాన్లు చూడు. పడినా తడిసినా వర్తించే కవర్, దాంతో పాటు ఆన్‌సైట్ సర్వీస్, రెండూ కలిపి ఆరేడు వేల లోపు వస్తే తీసుకోండి. ఆన్‌సైట్ అంటే మనిషి నీ దగ్గరికే వస్తాడు. ఆ సౌకర్యం నీ హాస్టల్ పిన్‌కోడ్‌కు ఉందో లేదో డబ్బు కట్టకముందే కస్టమర్ కేర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకో. లేకపోతే పరీక్షల ముందు లాప్‌టాప్ పట్టుకొని బెంగళూరుకో హైదరాబాదుకో పోవాల్సి వస్తుంది. ధర అంతకు మించితే ఏ ప్లానూ వద్దు. మీ నాన్నను నెలకు మూడు వందలు బ్యాంకు ఆర్‌డీలో వేయమను. మామూలు మోడల్‌కు స్క్రీన్ మార్చడానికి సరిపోయేంత రెండు మూడేళ్లలో చేరుతుంది. ఏమీ చెడకపోతే ఆ డబ్బు నీదే, వారంటీకి కట్టిన డబ్బు తిరిగి రాదు. మదర్‌బోర్డు పోతే మాత్రం ఆ ఆర్‌డీ చాలదు. ఆ రిస్కు ఉంది, లేదని చెప్పను. అరవై వేల వస్తువుకు ఆ రిస్కు మనం మోయగలమని నా లెక్క. లక్షన్నర గేమింగ్ లాప్‌టాప్ అయితే వేరేగా చెప్పేదాన్ని.

మన ఊరి సంగతి వేరే ఉంది. ఇక్కడి ఎండకు, దుమ్ముకు, హాస్టల్ కరెంటుకు కంపెనీలు పూచీ పడవు. వోల్టేజ్ ఎగిరి కాలిపోతే మామూలు వారంటీలో అది వర్తించదనే రాసి ఉంటుంది. మంచి స్పైక్ గార్డు ఒకటి కొను. చార్జర్ మూడో పిన్నుకు ఎర్త్ ఉన్న ప్లగ్గే వాడు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి నడపొద్దు, గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద పెట్టిన బండి డిక్కీలో దాన్ని వదిలేయకు. ఏ వారంటీ అయినా వస్తువుకే, అందులో ఉన్న నీ ప్రాజెక్టు రిపోర్టులకు కాదు. వారానికోసారి వేరే చోట కాపీ పెట్టుకో.

ఇంకెప్పుడన్నా ఇలాంటిది ఆన్‌లైన్లో కొనేటట్టయితే, డబ్బు కట్టే పేజీలో నువ్వు అడగకుండానే ప్రొటెక్షన్ ప్లాన్‌కు టిక్ పెట్టి ఉందేమో చూడు. అడగనిది బుట్టలో వేయడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు రాయడం, ఈ రెండింటినీ 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడల) మార్గదర్శకాలు నిషేధించాయి. అయినా చూసుకోవాల్సింది మనమే. ఈఎంఐలో తీసుకుంటే ప్లాన్ డబ్బు కూడా అందులో కలిపేస్తారు, అప్పుడు అది కంటికి కనపడదు. బిల్లులో లాప్‌టాప్ ఒక వరుస, ప్లాన్ ఇంకో వరుస, రెండింటి మీదా జీఎస్‌టీ విడివిడిగా ఉండాలి.

రేపు వారంటీ ఉన్నా కూడా ఎవరన్నా ‘బాగుచేయం’ అంటే, ఊరికే షాపు చుట్టూ తిరగొద్దు. ముందు మెయిల్ పెట్టు, తర్వాత 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా, మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి, అంతే. దానికి కావాల్సింది బిల్లు, జాబ్ షీట్లు, మెయిళ్లు. నోటిమాటలు అక్కడ నిలబడవు.

ఈ ఆదివారం లోపు ఒక పని చెయ్యి. లాప్‌టాప్ కింద ఉన్న సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడు. షాపులో చాలాకాలం పడి ఉన్న పీస్ అయితే, మనం కొనకముందే వారంటీ మొదలైనట్టు చూపిస్తుంది. అట్ల ఉంటే బిల్లు జత చేసి తేదీ సరిచేయమని కంపెనీకి మెయిల్ పెట్టు. ఆ బిల్లు కాపీ నాకూ పంపు, ఇంట్లో ఫైల్లో పెడతాను.

మీ అత్త