సగం ఖాళీగా ఉన్న ఫ్రిజ్ గురించి పెద్దమ్మ రాసిన ఉత్తరం

నెల్లూరు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోన్‌లో మాట్లాడినప్పుడు, ఒంగోలులో మీరిద్దరే ఉండే ఇంటికి మీ అత్తగారు ఇంత పెద్ద ఫ్రిజ్ ఎందుకు కొనిపెట్టారో తెలియడం లేదనీ, పాలు, పెరుగు, నాలుగు కూరగాయలు పెట్టిన తరువాత కూడా సగం ఖాళీగానే ఉంటోందనీ అన్నావు. ఆ మాటకు అప్పుడే జవాబు మొదలుపెడితే మీ పెదనాన్న భోజనం వేళ దాటిపోతుందని ఊరుకున్నాను. బడిలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు సామాన్య శాస్త్రం చెప్పిన అలవాటు వల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ఫ్రిజ్‌ను తిండి దాచే బీరువాగా చూస్తున్నంత కాలం అది ఖాళీగానే కనిపిస్తుంది. కింది అరల్లో సుమారు 4 డిగ్రీలు, పై ఫ్రీజర్‌లో సున్నాకు దిగువన 18 డిగ్రీల చలి ఉంటుంది. ఆ చలికి పురుగు చస్తుంది, బూజు ఆగిపోతుంది, మొగ్గ విచ్చుకోవడం మానుకుంటుంది, విత్తనం నిద్రపోతుంది. అయితే చలి ఎంత మేలు చేస్తుందో, దాని వెంట వచ్చే చెమ్మ అంత కీడు చేస్తుంది. చల్లటి నీళ్ల చెంబును మన సముద్రపు గాలిలో బల్ల మీద పెడితే రెండు నిమిషాల్లో దాని ఒంటి నిండా నీటి బొట్లు పడతాయి కదా, ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ వస్తువు మీదనైనా అలాగే పడతాయి. అందుకని తిండి కాని వస్తువును లోపల పెట్టేటప్పుడు గాలి చొరకుండా కట్టాలి, బయటికి తీసిన తరువాత ఆ కట్టు విప్పకుండా ఒక రాత్రంతా బల్ల మీదే వదిలేయాలి.

ఈ సంగతి పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పిన నేనే, నా పెళ్లినాటి పట్టుచీర దగ్గర మరిచిపోయాను. మడతల్లో సూదిమొన అంత చిల్లులు కనిపించేసరికి, పురుగు గుడ్లు పెట్టి ఉంటుందని భయపడి చీరను సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. అంతవరకు బాగానే ఉంది. తీసిన రోజు మాత్రం, సాయంత్రం పెళ్లికి వెళ్లాలన్న తొందరలో సంచిని అప్పటికప్పుడే విప్పి చీర దులిపాను. చూస్తుండగానే బట్ట మెత్తబడి, తడి తగిలిన చోటల్లా ఎర్రంచు రంగు పసుపు ఒంటి మీదికి జానెడు మేర దిగింది. ఆ మరక ఈనాటికీ ఉంది, కుచ్చిళ్ల లోపలికి పోయేటట్టు కట్టుకుంటున్నాను. నువ్వు చేసేటప్పుడు చీరను ముందు పలుచటి నూలు గుడ్డలో చుట్టి, ఆపైన మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, లోపలి గాలినంతా అరచేత్తో నొక్కి తీసేసి మూతి బిగించు. ఇంటి ఫ్రీజర్‌లో రెండు వారాలైనా ఉండనివ్వు. ఉన్ని శాలువలకూ ఇదే పద్ధతి. కందిపప్పుకు, రవ్వకు పురుగు పట్టకుండా ఉండాలంటే అంత కాలం అక్కరలేదు, తెచ్చిన వెంటనే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తరువాత మామూలు డబ్బాలో పోసుకోవచ్చు.

ఫ్రిజ్ మనకు చేసిన అసలు ఉపకారం 2021 నవంబరులో చూశాను. పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన ఆ రోజుల్లో కోవూరులో మీ మామయ్య వాళ్ల వెనక గదిలోకి మోకాటిలోతు నీళ్లు వచ్చాయి. బీరువా అడుగు అరలో తాతయ్య నాటి పొలం దస్తావేజులు, పన్ను రసీదులు ఉండేవి. మామయ్య వాటిని గోనెసంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చేసరికి అట్టలు ఉబ్బి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, ముట్టుకుంటే పెచ్చులుగా ఊడి వచ్చేటట్టు ఉన్నాయి. ఎండలో పెడదామంటే ఎండ లేదు. తడిసిన కాగితానికి రెండు రోజులు దాటితే బూజు పట్టడం ఖాయం, ఇన్ని కాగితాలను రెండు రోజుల్లో ఆరబెట్టడం మా ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకని వాటిని విడదీసే ప్రయత్నం చేయకుండా, ఒక్కొక్క కట్టను విడిగా పాలిథిన్ కవరులో చుట్టి, ఫ్రీజర్ ఖాళీ చేసి అందులో బల్లపరుపుగా పేర్చాను. గడ్డకట్టిన కాగితంలో బూజు పెరగదు, సిరా మరింత పాకదు. తరువాత వీలున్నప్పుడల్లా ఒక్క కట్టను మాత్రం బయటికి తీసి, మంచు పూర్తిగా కరిగేదాకా ఆగి, సన్నటి అట్టముక్కతో ఒక్కొక్క కాగితాన్నీ లేపి, మధ్యమధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాను. న్యూస్‌పేపరు వాడితే దాని సిరా అంటుకుంటుంది, వాడవద్దు. కట్టలన్నీ అయ్యేసరికి నెల పట్టింది. ఒక దస్తావేజు మీద గుండ్రటి ముద్ర కొంచెం అలుక్కుపోయింది గాని, సర్వే నంబర్లు, హద్దులు, వేలిముద్రలు అన్నీ దక్కాయి. గ్రంథాలయాల్లో తడిసిన పుస్తకాలను కాపాడేవాళ్లు చేసే పని కూడా ఇదే.

మీ మేడ మీద కుండీలు పెట్టావన్నావు కాబట్టి విత్తనాల మాట చెప్పాలి. సొర, బీర, బెండ విత్తనాలను నీడలో బాగా ఆరబెట్టి, గాజుసీసా అడుగున రెండు చెంచాల పొడి బూడిద పోసి, దాని మీద విత్తనాల కాగితపు పొట్లాలు పెట్టి, గట్టిగా మూత బిగించి కింది అరలో వెనక్కి నెట్టు. నిల్వ చేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ విత్తనం బతికే కాలం సుమారు రెట్టింపు అవుతుందని, విత్తనంలోని తేమ ఒక్క శాతం తగ్గినా అంతే లాభమని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. మన అమ్మమ్మలు బూడిదలో కలిపి ఉట్టి మీద దాచినది ఆ తేమ కోసమే. చలి ఒక్కటే వాళ్లకు అందుబాటులో లేకపోయింది.

వేసవిలో పలుచటి గుడ్డను తడిపి గట్టిగా పిండి, అందులో మల్లెమొగ్గలను చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి కూరగాయల సొరుగులో ఉంచితే మరునాటి సాయంత్రానికి కూడా విచ్చుకోకుండా ఉంటాయి. అదే సొరుగులో మాగిన మామిడిపండ్లు, అరటిపండ్లు మాత్రం ఉండకూడదు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు త్వరగా వాడిపోతాయి. ఆషాఢంలో రుబ్బిన గోరింటాకు మిగిలితే చిన్న పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో వేసుకో, రంగు చావదు.

గానుగలో కొన్న కొబ్బరినూనె కల్తీదేమోనని సందేహపడ్డావు కదా. గాజుగ్లాసులో కొంచెం పోసి, ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో అరగంట ఉంచు. స్వచ్ఛమైనదైతే మొత్తం తెల్లగా పేరుకుంటుంది, వేరే నూనె కలిసి ఉంటే అది పేరుకోకుండా విడి పొరగా నిలుస్తుంది. చొక్కాకు చూయింగ్ గమ్ అంటుకుంటే చొక్కాను ఫ్రీజర్‌లో ఒక గంట ఉంచి గీకితే పెళుసుగా ఊడిపోతుంది.

మందుల విషయంలో మాత్రం సొంత తెలివి వద్దు, పెట్టె మీద రాసినట్టే చేయాలి. మీ పెదనాన్న ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి గాని, గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి సీసా జారి వెనకనున్న చల్లటి పలకకు ఆనుకుని గడ్డకట్టింది. కరిగిన తరువాత చూడటానికి మామూలుగానే ఉంది గాని, అది పనికిరాదు, పారేశాను. తలుపు అరలో తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది కాబట్టి, ఇప్పుడు నడిమి అరలో మూత ఉన్న చిన్న డబ్బాలో పెడుతున్నాను. మీ మామగారికి కూడా చక్కెర ఉందని విన్నాను, వారు వచ్చి ఉన్నప్పుడు ఈ జాగ్రత్త గుర్తుంచుకో.

మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు ఎన్ని గంటలు కరెంటు పోయిందో నిద్రలో లెక్క తెలియలేదు గాని, ఫ్రీజర్‌లోని గిన్నె చెప్పింది. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఉంచుకుంటాను. కరెంటు వచ్చాక బిళ్ల పైనే ఉంటే భయం లేదు. మళ్లీ గడ్డకట్టిన నీటి అడుగున కనిపిస్తే మధ్యలో అంతా కరిగిపోయిందని అర్థం. ఖాళీ స్థలంలో నీళ్ల సీసాలు పేర్చుకో. తలుపు తెరవకపోతే కింది అరలు సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుతాయి.

చేయకూడనివి కూడా రెండు మూడు ఉన్నాయి. టార్చి బ్యాటరీలను ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం వస్తాయని మన వీధిలో ఇంకా నమ్ముతారు, చెమ్మకు వాటి మొనలు పాడవడం తప్ప లాభం లేదు. మే నెలలో తలుపు తీసి ఎదురుగా కూర్చుంటే గది చల్లబడదు. లోపలి వేడికి మోటారు తినే కరెంటు వేడి కూడా కలిసి వెనక నుంచి అదే గదిలోకి వస్తుంది. ఫ్రీజర్‌లో పేరుకున్న మంచును కత్తితో పొడవవద్దు, లోపలి గొట్టానికి చిల్లు పడితే గ్యాసు పోతుంది, ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆ గ్యాసు మండే రకం.

వచ్చే ఆదివారం మీ పెదనాన్న, నేను ఒంగోలు వస్తున్నాము. పోయిన ఏడాది దాచిన సొర విత్తనాల సీసా ఫ్రిజ్‌లోంచి తీసి గుడ్డలో చుట్టి తెస్తాను. ఎంత ఆత్రంగా ఉన్నా సోమవారం పొద్దుటిదాకా దాని మూత తీయకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ