ఇంటిల్లిపాదికీ జ్వరం, ఒక్కరికి మాత్రం రాదెందుకు?

ప్రశ్న: మా ఇంట్ల ఐదుగురం. దసరా ముందర నలుగురికి వరుసగ జలుబు, జ్వరం. అరవై దాటిన మా అత్తమ్మకు ఏం కాలె. అందరికీ జావ కాసి ఇచ్చింది ఆమెనే. ఆమె ఒంట్ల ప్రత్యేకంగ ఏమన్న ఉన్నదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మొదటిది వయసు. జలుబు తెచ్చే రైనోవైరస్‌లోనే 160కి పైగా రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మీ అత్తమ్మ ఒంట్లో ఆరు దశాబ్దాల జ్ఞాపకం ఉంది, బడిపిల్లలకు అది ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. పిల్లలకు ఏడాదికి ఆరేడు సార్లు, పెద్దలకు రెండు మూడు సార్లు జలుబు రావడం అందుకే.

రెండోది అసలు కిటుకు. ముక్కు కారడం, ఒళ్లు కాలడం చాలావరకు వైరస్ పని కాదు, దాని మీద మన శరీరం చేసే పోరాటం. వైరస్ దూరిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాలను హెచ్చరిస్తుంది. 1957లో కనుక్కున్నారు దీన్ని. ఈ హెచ్చరిక వెంటనే అందితే వైరస్ ముక్కులోనే అణగిపోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. ఆలస్యమైతే వైరస్ పెరిగిపోతుంది, తర్వాత జరిగే పోరాటం జ్వరంగా బయటపడుతుంది. కోవిడ్ ముదిరిన రోగుల్లో దాదాపు 10 శాతం మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు (క్రిములను పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీన్లు) ఉన్నట్టు 2020లో తేలింది.

నిద్రను కూడా లెక్కలోకి తీసుకోండి. అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో రైనోవైరస్ చుక్కలు వేసి చూశారు. ఏడు గంటలకు మించి పడుకున్నవారితో పోలిస్తే, ఆరు గంటల లోపు పడుకున్నవారికి జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మీ అత్తమ్మకు వైరస్ సోకలేదని కాదు, సోకినా బయటపడకపోయి ఉండవచ్చు. జలుబు తట్టుకున్నారు కదా అని ఏటా వేయించుకోవాల్సిన ఫ్లూ టీకా మానిపించకండి. అరవై దాటాక ఫ్లూ ఊపిరితిత్తులకు దిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రశ్న: తమ్ముని పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలై రెండు దినాల్ల ఇల్లంత పాకినయి. నాకు, మా నాయినకు రాలె. మాది ఒకటే రక్తమని వదిలేసిందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఇట్లా ఒకరి నుంచి ఒకరికి వేగంగా పాకే వాంతులు చాలాసార్లు నోరోవైరస్ వల్లే. మీ ఊహలో కొంత నిజం ఉండవచ్చు. రక్తం గ్రూపును నిర్ణయించే చక్కెరల్లాంటివే పేగు గోడ మీద కూడా ఉంటాయి, ఈ వైరస్ వాటిని పట్టుకునే లోపలికి దూరుతుంది. ఆ చక్కెరలు తయారు కావడానికి కావాల్సిన ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయనివారి పేగులో ఆ పట్టు దొరకదు. యూరప్ సంతతివారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఇలాంటివారు. అయితే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ పనిచేయనివే రావాలి. మీ నాయిన ఒక్కరి వల్ల అయ్యేది కాదు, మీ అమ్మ వైపు నుంచి కూడా ఒకటి వచ్చి ఉండాలి.

ఈ రక్షణ నోరోవైరస్‌లోని కొన్ని రకాలకే. ఫ్లూకు, డెంగీకి పనికిరాదు. హెచ్ఐవీని చాలావరకు అడ్డుకునే సీసీఆర్5 జన్యుమార్పు కూడా అంతే, ఆ ఒక్క జబ్బుకే పరిమితం. మన దగ్గర అది చాలా అరుదు.

శానిటైజర్ నోరోవైరస్‌ను సరిగా చంపదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. వాంతి పడ్డచోట ముందు పాత గుడ్డతో తుడిచి తీసేయండి, మురికి ఉంటే బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత లీటరు నీళ్లకు ఒక టీస్పూన్ కొత్త బ్లీచింగ్ పౌడర్ కలిపి పోసి, పది నిమిషాలు వదిలి కడగండి. బాత్‌రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. జబ్బుపడ్డవారు తగ్గిన రెండు రోజుల దాకా వంట చేయకూడదు.

ప్రశ్న: మా గల్లీల శానమందికి డెంగీ వచ్చింది. మా ఆయనకు రాలె. ఆయనకు భయం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: కాదు. డెంగీ సోకిన నలుగురిలో సుమారు ముగ్గురికి ఏ లక్షణమూ కనిపించదు, లేదా కొంచెం నలతగా ఉంటుంది. మీ ఆయనకు సోకి పోయి ఉండవచ్చు. డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒకటి వస్తే దాని నుంచి జీవితాంతం రక్షణ, మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. రెండోసారి వేరే రకం సోకితే పాత యాంటీబాడీలే దాన్ని కణాల్లోకి మోసుకుపోయి జబ్బును ముదరబెట్టవచ్చు. లక్షణాలు లేనివారిని కుట్టిన దోమ కూడా వైరస్‌ను ఇంకొకరికి చేరవేస్తుంది.

గోలెం, డ్రమ్ము, కూలర్ వారానికోసారి ఖాళీ చేయండి, గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అంచు చుట్టూ పీచుతో గట్టిగా తోమాలి.

జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప నొప్పి సూదులు, బ్రూఫెన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులే ప్రమాదకరం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.