క్లౌడ్‌కి కమాండ్ లైన్: ముందు ‘నేనెవరు’ అని అడగండి

ప్రశ్న: మా సర్వర్లు, స్టోరేజీ అన్నీ అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఉన్నాయి. ఇంతవరకు బ్రౌజర్‌లో కన్సోల్ తెరిచి క్లిక్ చేస్తూ పని కానిస్తున్నాను. టీమ్‌లో మిగతావాళ్లంతా కమాండ్ లైన్ (క్లిక్‌ల బదులు ఆదేశాలు టైప్ చేసే పద్ధతి) వాడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క కమాండ్ తప్పు కొడితే ఏం డిలీట్ అయిపోతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. కన్సోల్‌లో డిలీట్ నొక్కితే ‘నిజంగా తీసేయాలా?’ అని అడుగుతుంది. కమాండ్ లైన్‌లో చాలాచోట్ల ఆ ప్రశ్న రాదు, ఎంటర్ కొట్టగానే పని అయిపోతుంది. కాబట్టి మొదటి వారం రోజులూ చూసే కమాండ్లతోనే గడపండి. ‘డిస్క్రైబ్’, ‘లిస్ట్’ అని మొదలయ్యేవి ఉన్నది చూపిస్తాయి తప్ప దేన్నీ మార్చవు.

ఇన్‌స్టాల్ చేయడం కూడా తర్వాత చూసుకోవచ్చు. కన్సోల్‌లోనే క్లౌడ్‌షెల్ అని, బ్రౌజర్‌లో నడిచే కమాండ్ లైన్ ఉంది. తెరిస్తే టూల్ సిద్ధంగా ఉంటుంది, మీరు లాగిన్ అయిన యూజర్‌కి ఉన్న అనుమతులతోనే నడుస్తుంది. గూగుల్ క్లౌడ్‌లో, అజూర్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి.

సొంత కంప్యూటర్‌లో పెట్టుకునేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. చాలామంది ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్’ కొట్టి యాక్సెస్ కీ (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్) అతికించేస్తారు. ఆ కీ మీ హోమ్ ఫోల్డర్‌లోని క్రెడెన్షియల్స్ ఫైల్‌లో మామూలు టెక్స్ట్‌గా పడి ఉంటుంది. ఆ ఫైల్ ఎవరి చేతికి చిక్కినా, మీరు చేయగలిగిందంతా వాళ్లూ చేయగలరు. మీ ఆఫీసులో ఐడెంటిటీ సెంటర్ (ఉద్యోగుల లాగిన్లన్నీ ఒకేచోట చూసే ఏడబ్ల్యూఎస్ సేవ) ఉంటే ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ ఎస్ఎస్ఓ’ వాడండి. దాంతో వచ్చే తాత్కాలిక కీలు గడువు తీరగానే పనికిరాకుండా పోతాయి. రూట్ యూజర్ (అకౌంట్‌లో అన్ని అధికారాలూ ఉన్న యజమాని లాగిన్) పేరు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కీ తీయొద్దు.

ఇక అన్నిటికన్నా ముందు అలవాటు చేసుకోవాల్సిన కమాండ్ ‘ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ’. ఇప్పుడు మీరు ఏ యూజర్‌గా, ఏ అకౌంట్‌లో ఉన్నారో చెబుతుంది. అందులో కనిపించే 12 అంకెల నంబర్ టెస్ట్ అకౌంట్‌దా, ప్రొడక్షన్‌దా (అసలు వాడుకలో ఉన్నదా) చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. దాని వెంటే ‘ఏడబ్ల్యూఎస్ కాన్ఫిగర్ లిస్ట్’ కొట్టి రీజియన్ (మీ సర్వర్లు ఉండే ప్రాంతం) కూడా చూడండి. కొత్తలో నేను సర్వర్ల లిస్ట్ అడిగితే ఖాళీగా వచ్చింది. ఎవరో అన్నీ తీసేశారనుకుని చెమటలు పట్టాయి. తీరా చూస్తే నేను అడిగింది వేరే రీజియన్‌లో!

మార్పులు చేసే దశకి వచ్చాక మీకు అండ ‘డ్రై రన్’, అంటే అసలు పని చేయకుండా ముందుగా పరీక్షించి చెప్పే ఆప్షన్. ఈసీ2 (సర్వర్ల సేవ) కమాండ్లలో దీన్ని మధ్యలో హైఫన్‌తో రాయాలి, ఫోల్డర్‌ని ఎస్3 స్టోరేజీతో సరిచూసి సమానం చేసే ఎస్3 సింక్‌లో మధ్యలో హైఫన్ లేకుండా కలిపి రాయాలి. ఈసీ2లో అంతా సరిగ్గా ఉన్నా జవాబు ఎర్రర్ రూపంలోనే వస్తుంది, కంగారుపడొద్దు. ‘డ్రైరన్ఆపరేషన్’ అనే మాట కనిపిస్తే మీకు అనుమతి ఉందనే అర్థం. ‘అన్‌ఆథరైజ్డ్ఆపరేషన్’ అని వస్తే లేదని.

ఎస్3 సింక్‌కి ‘డిలీట్’ ఆప్షన్ జోడిస్తే, మీ ఫోల్డర్‌లో లేని ఫైళ్లు బకెట్‌లోంచి (ఎస్3లో ఫైళ్లు దాచే చోటు) కూడా పోతాయి. ఫోల్డర్ పేరు తప్పు రాసి ఖాళీ ఫోల్డర్ ఇచ్చారంటే బకెట్ మొత్తం ఖాళీ. అదే డ్రైరన్‌తో కొడితే ఏ ఫైల్ అప్‌లోడ్ అవుతుందో, ఏది డిలీట్ అవుతుందో ఒక్కో లైన్‌గా చూపించి ఊరుకుంటుంది. డిలీట్ అని ఉన్న లైన్లన్నీ చదవండి. అన్నీ మీరు అనుకున్నవే అయితే పై బాణం నొక్కి, డ్రైరన్ మాట చెరిపి, అప్పుడు ఎంటర్ కొట్టండి.