ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ లాంగ్‌టర్మ్ చదువుతానంటున్నాడు... పంపాలా, ఉంచాలా?

ప్రశ్న: సార్, మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఎరువుల దుకాణం నడుపుతాను. మా అబ్బాయి రెండేళ్లు హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. జేఈఈ మెయిన్‌లో అనుకున్న పర్సంటైల్ రాలేదు. లాంగ్‌టర్మ్ (ఏడాది పాటు మళ్లీ తీసుకునే కోచింగ్) కోసం మళ్లీ హాస్టల్‌కి వెళ్లనని, ఆన్‌లైన్ బ్యాచ్ తీసుకుని ఇంట్లోనే చదువుతానని అంటున్నాడు. హాస్టల్‌కి 1.5 లక్షలు అడుగుతున్నారు, ఆన్‌లైన్ అయితే 6 వేలు. రెండింటిలో ఏది మేలు? ఇంట్లో ఉంటే ఫోన్‌తోనే పొద్దుపుచ్చుతాడని భయం. ప్రస్తుతానికి వాడి గదిలో సీసీ కెమెరా పెట్టించి దుకాణం నుంచి చూస్తున్నాను. ట్యాబ్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా కూడా చెప్పండి.

జవాబు: ముందు ఆ కెమెరా పీకేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

జూన్ వచ్చిందంటే ఈ ప్రశ్న ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. అడిగేది ఫీజు గురించి, లోపలి బెంగ వేరు. తోటి పిల్లలంతా కాలేజీ బస్సెక్కుతుంటే మనవాడు ఇంట్లో ఉన్నాడంటే నలుగురూ ఏమంటారు, ఏడాది తర్వాత కూడా ర్యాంకు రాకపోతే ఏం చెప్పుకోవాలి? హాస్టల్లో వేస్తే ఆ పూచీ వాళ్లది, ఇంట్లో ఉంచుకుంటే మీది. కెమెరా పెట్టించింది ఆ భయమే. అందులో మీకు తెలిసేది వాడు కుర్చీలో ఉన్నాడా లేడా అన్నదొక్కటే. పుస్తకం మీద చూపు నిలిపి మనసును ఊరంతా తిప్పుకొచ్చే విద్య రెండేళ్ల స్టడీ అవర్లలో ప్రతి పిల్లాడికీ వచ్చేస్తుంది. గల్లాపెట్టె మీద పెట్టాల్సిన కెమెరాను కన్నకొడుకు మీద పెట్టి, వాడు మీతో మనసు విప్పి మాట్లాడాలంటే ఎలాగండీ?

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. హాస్టల్ మీకు అమ్మేది ప్రధానంగా టైంటేబుల్, వారం వారం పరీక్ష, పక్కన చదివే పిల్లలు. పాఠం అంటారా, అది ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది. కేంద్ర విద్యాశాఖ తరఫున ఐఐటీ కాన్పూర్ నడిపే సాథీ పోర్టల్లో జేఈఈ పాఠాలు, టెస్టులు ఉన్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ల ఐఐటీ-పాల్ పాఠాలూ ఉన్నాయి. అంటే ఆ 6 వేలతో కొనుక్కోవలసింది వీడియోలు కావు. టైంటేబుల్ ఇంట్లో నిలబడితే ఆన్‌లైన్ పనికొస్తుంది, నిలబడకపోతే 6 వేలతో పాటు ఏడాది కూడా పోతుంది. రెండేళ్లు హాస్టల్లో ఉండి వచ్చినవాడు మళ్లీ వెళ్లనంటున్నాడంటే కారణం అడగండి. దాన్ని బద్ధకం ఖాతాలో రాసేయకండి.

అయితే ఆన్‌లైన్ మీద నాకున్న అనుమానాలు కూడా దాచను. మొదటిది భాష. పేరున్న ఆన్‌లైన్ బ్యాచ్‌ల్లో చాలావాటిలో పాఠం హిందీలోనో, హిందీ కలిసిన ఇంగ్లిష్‌లోనో నడుస్తుంది. పల్నాడులో పెరిగిన పిల్లాడు సగం బుర్రను భాషకే ఖర్చుపెట్టి మిగతా సగంతో రొటేషనల్ మోషన్ అర్థం చేసుకోవాలి. డబ్బు కట్టకముందే ఒక పూర్తి చాప్టర్ డెమో చూపించమనండి. పది నిమిషాల ప్రచార వీడియో చూసి మోసపోవద్దు.

రెండోది బకాయి. కరెంటు పోయో, నెట్ ఆగో ఒక లైవ్ క్లాసు తప్పిపోతుంది. రికార్డింగ్ ఉందిలే అనుకుంటాడు. వారానికి నాలుగు, నెలకు పదిహేను పేరుకుంటాయి. ఆ తర్వాత వాటిని తీర్చడానికి 2 రెట్ల వేగంతో రోజుకు ఎనిమిది గంటలు చూస్తాడు. చూసిన ప్రతిదీ అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే లెక్క చేస్తున్నది మాస్టారు. ఆదివారం టెస్టులో మాత్రం పెన్ను కదలదు. అందుకే ఒక కట్టుబాటు పెట్టుకోండి: తప్పిన క్లాసును 48 గంటల్లో చూడాలి. అలా వీలుకాకపోతే దాన్ని వదిలేసి, ఆ భాగం పుస్తకంలో చదివి, లెక్కలు చేసి ముందుకు పోవాలి.

మూడోది ఇప్పుడు ఫ్యాషనైన ఏఐ డౌట్ సాల్వర్. ప్రశ్న ఫోటో తీసి పంపితే క్షణాల్లో జవాబు వస్తుంది. సూటి లెక్కల్లో బాగానే ఉంటుంది. పటం చూసి చేయాల్సిన ప్రశ్నల్లో, అంటే కప్పీలు, సర్క్యూట్లు, ఆర్గానిక్ నిర్మాణాల్లో, బొమ్మను తప్పుగా చదివి కూడా తడుముకోకుండా చెబుతుంది. తప్పును పట్టుకోవాలంటే ముందే విషయం తెలిసుండాలి, తెలిస్తే ఇక డౌటే ఉండదు కదా! జవాబు సరైనదైనా ఇంకో నష్టం ఉంది. మూడు నిమిషాలు కూడా తన్నుకులాడకుండా చూసిన పరిష్కారం రెండోరోజుకి గుర్తుండదు. కాబట్టి ముందు 15 నిమిషాలు కాగితం మీద తానే ప్రయత్నించాలి. ఎక్కడ ఆగాడో ఆ కాగితంతో సహా ఫోటో పంపి, మొదటి మెట్టు మాత్రమే చెప్పమని అడగాలి. వచ్చిన జవాబును జవాబుల కీతో సరిచూసుకోవాలి. రెండు రోజుల తర్వాత అదే లెక్కను తెల్లకాగితం మీద మళ్లీ చేయాలి. అప్పుడు వస్తేనే డౌట్ తీరినట్టు.

ఇక ట్యాబా, ల్యాప్‌టాపా? పరీక్ష హాల్లో ఉండేది మానిటరు, మౌసు. సంఖ్యారూపంలో ఇవ్వాల్సిన జవాబులను కూడా తెర మీది అంకెలను మౌసుతో నొక్కే ఇవ్వాలి. ఫోన్‌లో వేలితో వంద టెస్టులు రాసినవాడు కూడా అక్కడ మొదటి పావుగంట తడబడతాడు. కాబట్టి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ చాలు. ఎవరైనా ఖాళీగా పెట్టిన ల్యాప్‌టాప్‌కి మౌసు తగిలించినా సరిపోతుంది. దాన్ని బల్ల మీదే ఉంచండి, మంచం మీదకు రానివ్వకండి. ట్యాబ్‌కి మంచం అలవాటవుతుంది, నాకు దానితో పేచీ అక్కడే.

నెట్ సంగతి కూడా లెక్కేయండి. 720పీలో గంట వీడియోకి సుమారు 1 జీబీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ అయితే మధ్యాహ్నానికే ఖాళీ. బోర్డు మీద రాసే పాఠానికి 480పీ చాలు, దాదాపు సగంతో సరిపోతుంది. వీలైతే ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించండి. కరెంటు పోతే రౌటర్ ఆగకుండా 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొనండి. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోల్చుకోండి, తేడా ఉంటే రౌటరే పోతుంది.

రోజులో వీడియో 3 గంటలు దాటకూడదు. ఒక గంట పాఠానికి రెండు గంటలు పెన్ను పట్టాలి. పాఠంలో ప్రశ్న తెర మీదకు రాగానే వీడియో ఆపి, మూడు నిమిషాలు తాను చేసి, ఆ తర్వాత మాస్టారు చేసేది చూడాలి. ఇలా చూస్తే గంట పాఠానికి గంటన్నర పడుతుంది, పట్టనివ్వండి. పాఠమయ్యాక పీడీఎఫ్ నోట్సు డౌన్‌లోడ్ చేసి దాచుకుంటే ఏమీ రాదు. తెర మూసి, పది నిమిషాలు గుర్తున్నది రాసి, మిగిలింది చూసి నింపుకోవాలి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఓటీపీలు మీ నంబరుకి వచ్చేలా పెడితే ఆ సాకూ ఉండదు. టెలిగ్రామ్ డౌట్స్ గ్రూపులు రోజుకు అరగంట మించితే అవి అరుగు మీద కబుర్లే.

ఆదివారం టెస్టు 3 గంటలు ఏకధాటిగా, కంప్యూటర్ మీద, తెల్లకాగితాలతో రాయాలి. జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ సైట్లోనూ, రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్ సైట్లోనూ మాక్ టెస్టులు ఉచితం. మార్కులు చూసి మూసేస్తే ఆ 3 గంటలూ దండగ. సోమ, మంగళవారాల్లో కలిపి నాలుగు గంటలు తప్పులకు కేటాయించాలి. తెలియక పోయినవి, తెలిసీ పోయినవి, కూడికల్లో పోయినవి, టైం చాలక పోయినవి... ఒక్కోదానికి ఒక్కో పేజీ. మూడు వారాలు గడిచాక ఏ పేజీ లావెక్కిందో చూస్తే మందు అక్కడే వేయాలని తెలుస్తుంది. తెలియక పోయినవే ఎక్కువైతే పాఠానికి తిరిగి వెళ్లాలి. టైం చాలకపోతే పాఠాలు ఆపి టెస్టులు పెంచాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోతారు.

మీ పని ఇక్కడుంది. దుకాణం మూసి వచ్చాక రోజూ స్టాకు పుస్తకం చూసుకుంటారు కదా, అలాగే రాత్రి పది నిమిషాలు ఆ తప్పుల పుస్తకం చూపించమనండి. ఫిజిక్స్ మీకు రాకపోయినా ఫర్వాలేదు. "ఇవాళ ఏది పోయింది, ఎందుకు పోయింది?" అని అడిగి వినండి. చెప్పగలిగితే చదివినట్టు, చెప్పలేకపోతే వీడియో చూసినట్టు. మార్కుల మాట ఎత్తకండి, మేనమామ కొడుకు ర్యాంకు అసలే ఎత్తకండి. ఇంట్లో సందడి ఎక్కువైతే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఉదయం నాలుగు గంటలు కూర్చోనివ్వండి.

డబ్బు జాగ్రత్త. 6 వేలు మొత్తం కట్టే కోర్సు అయితే సరే. ఫోన్ చేసి పెద్ద ప్యాకేజీ అంటగట్టి, వడ్డీ లేని వాయిదాలంటారు. అది తరచుగా ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. పిల్లాడు క్లాసులు మానేసినా వాయిదా మీ ఖాతాలోంచి కోతపడుతూనే ఉంటుంది. రీఫండ్ ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతపూర్వకంగా లేకపోతే సంతకం పెట్టకండి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లే రాయనిస్తారు. వాడి లక్ష్యం అదే అయితే వచ్చే ఏడే చివరి అవకాశం. ఈ సంగతి భయపెట్టడానికి వాడకుండా, ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఈలోగా ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు తప్పక పెట్టించండి. ఏ కాలేజీ, ఏ బ్రాంచి వస్తుందో చూశాక ఇంట్లో ఉండటమా, చేరడమా అన్నది ముగ్గురూ కలిసి తేల్చుకోవచ్చు. మంచి సీటొస్తే ఈ చర్చే అక్కర్లేదు. ఇంజనీరింగ్‌లో ఏడాది ఆలస్యంగా చేరిన పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, ఉద్యోగాల దగ్గర అదొక్కటే అడ్డుగా నిలవదు. ఆ బెంగ పెట్టుకోకండి.

ఇంట్లోనే అని తేలితే ఆరు వారాలు గడువు ఇవ్వండి. ఆరు ఆదివారాల్లో రెండు టెస్టులు ఎగ్గొట్టినా, ఎనిమిది క్లాసులకు మించి బకాయి పడినా, తప్పుల పుస్తకం ఖాళీగా ఉన్నా, ఇంటి దగ్గర ఇది సాగట్లేదని అర్థం. అప్పుడు హాస్టల్ ఒక్కటే దారి కాదు. దగ్గరి పట్నంలో రోజూ వెళ్లివచ్చే కోచింగ్ ఉందేమో ఇప్పుడే వాకబు చేసి, మధ్యలో చేర్చుకుంటారో లేదో, ఫీజు ఎంతో అడిగి ఉంచుకోండి. ఈ మూడు షరతులూ వాడి చేతే కాగితం మీద రాయించి, వాడి బల్ల ముందు గోడకు అంటించమనండి.